పెట్టె కొలత

మోకాళ్లు బయటపడింది సోమవారం పొద్దున.

హనుమంతునిపాడుకు ఏడు కిలోమీటర్ల దూరంలో, కంది చేలు దాటాక వచ్చే ఆ గుట్టను చుట్టుపక్కల వాళ్లు రాకాసిమిట్ట అంటారు. పూర్వం రాకాసులు కాపురాలు చేశారని, అక్కడ నిలబెట్టి ఉన్న బండలు వాళ్ల ఇళ్లేనని చెప్పుకుంటారు. యూనివర్సిటీ వాళ్లు వచ్చి, అవి ఇళ్లు కావు, మూడు వేల ఏళ్ల నాటి సమాధులు అన్నారు. ఊరివాళ్లకు ఆ రెండింటికీ పెద్ద తేడా కనిపించలేదు. ఎండాకాలం పూట పన్నెండు మందికి పని దొరికింది, అదొక్కటే కనిపించింది.

ఆ పన్నెండు మందిలో ఆశీర్వాదం ఒకడు. అరవైకి ఒక ఏడాది తక్కువ. అతని పల్లెలో ఎవరు పోయినా చర్చి సమాధుల తోటలో గుంత తవ్వేది అతనే, అంతకుముందు అతని నాయన. మిట్ట మీద మొదటి రోజు అందరికీ ఇచ్చినట్టే అతనికీ గడ్డపార ఇచ్చారు. మూడో రోజుకల్లా అది తీసేసుకుని చిన్న తాపీ, కుంచె చేతిలో పెట్టారు. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి తగలగానే అతని చెయ్యి దానంతటదే ఆగిపోవడం ఇందు గమనించింది. ఇందు పరిశోధక విద్యార్థిని, తవ్వకాలు నడిపే ప్రొఫెసర్ ధనుంజయ దగ్గర ఎముకల పని చూస్తుంది. ఆమెది తెనాలి వైపు. అందరినీ బాబాయ్, పిన్ని అని పిలిచి, పిలిచినంత తియ్యగా పని చేయించుకుంటుంది.

గుంత మీద అడ్డంగా పలక వేసి, దాని మీద బోర్లా పడుకుని, చేతులు కిందికి జాపి పని చేయాలి. కింద నాలుగు బండలు నిలబెట్టి కట్టిన రాతి పెట్టె. అందులో ఒక ఆడమనిషి. పోయిన వారమే తల, గడ్డం దగ్గర చిన్న మట్టి గిన్నె, పక్కటెముకలు, వెన్ను తేలాయి. వెన్నుపూసలు విడివిడిగా లేవు, మెడ నుంచి నడుం దాకా ఒకే కర్రలాగా అతుక్కుపోయి ఉన్నాయి. అప్పుడే ఇందు, "ఏదో జబ్బు బాబాయ్, ల్యాబ్‌లో చూస్తే గాని పేరు చెప్పలేం" అంది. ఆశీర్వాదానికి పేరు తెలుసు. పల్లెలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఫ్లోరిన్ నీళ్ల జబ్బు. కానీ అంత చదువుకున్న పిల్ల ల్యాబ్ అంటుంటే మధ్యలో మనమెందుకని ఊరుకున్నాడు.

ఇప్పుడు వెదురు పుల్లతో మోకాళ్ల చుట్టూ మట్టి గీకుతున్నాడు. ఇనుము తగిలితే ఎముక గీసుకుపోతుంది కాబట్టి వెదురు. గీకి, ఊది, కుంచెతో తుడిచాడు. కుడి మోకాలు తేలింది. తొడ ఎముకా పిక్క ఎముకా కలిసి గడ్డ కట్టినట్టు అతుక్కుపోయాయి. సరిగ్గా ఆ అతుకు మీదే అడ్డంగా విరిగి ఉంది. ఎడమ మోకాలు తుడిచాడు. అదీ అక్కడే విరిగింది. విరిచి, రెండు కాళ్లూ సాపుగా చాపి పెట్టారు.

అతని చెయ్యి ఆగిపోయింది. ఇందును పిలవాల్సింది. పిలవకుండా కుంచె పక్కన పెట్టాడు. పైన నిలబడ్డ ఇందే చూసి, "సార్!" అని కేకేసింది.

ధనుంజయ టోపీ తీసి గుంత ఒడ్డున గొంతుక్కూర్చున్నాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. మంచి మనిషే, పనివాళ్లతో పాటు కూర్చుని అన్నం తింటాడు. కానీ ఏదైనా దొరికితే ఆయన మొహంలో చిన్నపిల్లాడి సంబరం వచ్చేస్తుంది, దాచుకోలేడు.

"మట్టి బరువుకి విరిగింది కాదిది. అంచులు చూడు ఇందూ, పచ్చి ఎముక విరిగిన తీరు. రెండూ ఒకే చోట. కావాలని కొట్టారు."

"పారిపోకుండానా సార్?"

"పారిపోకుండానే కావచ్చు. బలికి ముందు కావచ్చు. ఈమె చివరి రోజులు ఎలా గడిచాయో మనం రాయగలిగితే..." అంటూ ఆయన లేచాడు.

ఆశీర్వాదం పలక మీద నుంచి లేచి, గొంతు ఎండిపోయిందని చెప్పి నీళ్ల క్యాను దగ్గరికి వెళ్లాడు. నీళ్లు తాగి కూడా అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పక్కింటి గోవిందమ్మ వాకిట్లో చేటతో కందులు చెరుగుతోంది. పగలంతా అతని పెళ్లాం హన్నాను కనిపెట్టుకుని ఉండేది ఆమే. "మధ్యాన్నం నాలుగు గుక్కలు తాగింది మరిదీ, అంతే" అని చెప్పి లేచింది.

హన్నా గోడకు చేరగిలి కూర్చుని ఉంది. కూర్చోవడం అంటే పగలూ రాత్రీ అదే. పడుకోబెడితే మోకాళ్లు గాలిలో ఉంటాయి, వెన్ను నేలను ఆనదు, ఊపిరాడదు. పదేళ్లుగా ఆమె మోకాళ్లు గడ్డం కిందికి ముడుచుకుని అట్లాగే ఉన్నాయి. ఆశీర్వాదం చేతులు కడుక్కుని, ఆమె చంకల కింద చేతులు పెట్టి ఎత్తి, కింద గోనె మార్చి, నడుం కింద తడిగుడ్డతో తుడిచి, మళ్లీ కూర్చోబెట్టాడు. రాగి గంజి చల్లార్చి, ఉగ్గుగిన్నెలో పోశాడు. కూతురు భారతి చంటిదిగా ఉన్నప్పుడు కొన్న ఇత్తడి గిన్నె అది. మెడ వెనక్కి వంగదు గనక లోటాతో తాగలేదు, చెంచాతో పోస్తే కారిపోతుంది. గిన్నె ముక్కు పెదవుల మధ్య పెట్టి కొంచెం కొంచెం వంచితే లోపలికి పోతుంది. ఆ ఉపాయం ఎవరూ చెప్పింది కాదు, ఒక రోజు అటక మీద గిన్నె కనిపిస్తే తట్టింది.

"ఆయమ్మ ఏమంటది?" అడిగింది హన్నా. మిట్ట మీద మనిషిని ఆమె ఆయమ్మ అంటుంది. వీధిలో అందరూ టీవీ సీరియల్ అడిగినట్టు ఈమె రోజూ ఆయమ్మ సంగతి అడుగుతుంది.

"ఏముంది, మట్టి తీసినాం."

"ఏందో దాస్తున్నావు."

ఆశీర్వాదం గిన్నె నేల మీద పెట్టాడు. "మోకాళ్లు తేలినాయి. విరగ్గొట్టి ఉన్నాయి."

హన్నా కళ్లు మాత్రం తిప్పి అతని వైపు చూసింది. "మీ అమ్మకు చేసినట్టా?"

"అట్లనే."

ఆ ఇంట్లో ఆ మాట ఎత్తరు. పన్నెండేళ్ల కిందట అతని తల్లి ఇట్లాగే ముడుచుకుని పోయినప్పుడు, పెట్టెలో పట్టించడానికి మోకాళ్ల కింద గోనె మడిచి పెట్టి, పైన దుప్పటి వేసి, బరువంతా మోపింది అతనే. పల్లెలో అట్లా ముడుచుకుపోయిన వాళ్లందరికీ అతనే చేశాడు, తల్లికి వేరేవాళ్లను ఎవరిని పిలుస్తాడు? ఎండు కందికట్టె విరిచినట్టు చప్పుడైంది. అప్పటికి హన్నా ఇంకా కర్ర పట్టుకుని నడుస్తోంది. గుమ్మం బయట నిలబడి ఆ చప్పుడు విన్నది.

"నాకు మాటిచ్చినావు" అంది హన్నా.

"ఇచ్చినా."

"పెట్టె లేకపాయినా ఫర్వాలేదు. పక్కకు తిప్పి ఇట్లనే ముడుచుకోనీ పెట్టు. సిలువ మీద దొంగల కాళ్లు విరగ్గొట్టినారంట గానీ ప్రభువు కాళ్లు ముట్టలేదంట. గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో అయ్యగారు ప్రతేడూ చెప్తాడు. బతికినన్నాళ్లూ లేవనియ్యని కాళ్లు, సచ్చినాక వాటి మీద కసి తీర్చుకునేదేంది?"

"సరేలే. గంజి తాగు."

"చాలు" అని పెదవులు మూసుకుంది.

బుధవారం పేపర్లో పడింది. రాకాసిమిట్టలో నరబలి ఆనవాళ్లు. కాళ్లు విరగ్గొట్టి, కదలకుండా చేసి, బలిచ్చారని రాశారు. ధనుంజయ విలేఖరితో అన్నది 'కావచ్చు' అని. ఆ 'కావచ్చు' కనిగిరి దాకా పోయేసరికి ఎక్కడో జారిపోయింది. ఆయన పేపరు చూసి తల పట్టుకున్నాడు గాని, పనివాళ్లకు మంచి కాలక్షేపమైంది. కుర్రాళ్లు తట్టలు మోస్తూ ఒకరి కాళ్లు ఒకరు తన్నుకుని నవ్వుకున్నారు.

ఆ పన్నెండు మందిలో ఆరుగురు ఆశీర్వాదం పల్లెవాళ్లే. వాళ్లలో నలుగురి ఇళ్లల్లో అతను ఆ పని చేశాడు. ఒక్కడంటే ఒక్కడు కూడా, ఇది మన ఇళ్లల్లో జరిగేదే కదా అనలేదు. చేసే పనే తప్ప చెప్పుకునే పని కాదది.

ఇంటికొచ్చేసరికి హన్నా గోవిందమ్మ చేత పేపరు చదివించుకుని ఉంది.

"చూసినావా? రేపొకరోజు మీ అమ్మను తవ్వినా ఇట్లనే రాస్తారు. నిన్ను కసాయోడంటారు."

"మన సమాధులు ఎవరు తవ్వుతారులే."

"ఆయమ్మ కొడుకు కూడా అట్లే అనుకోని ఉంటాడు" అంది హన్నా. మళ్లీ తనే, "ఆ పిల్లకు చెప్పు. మంచిదంటివి కదా" అంది.

చెప్పు అన్నంత తేలిక కాదు. ఆ రోజు ఆమె గంజి రెండు గుక్కలు కూడా మింగలేదు, మింగినట్టే మింగి పక్క నుంచి కార్చేసింది. ఆశీర్వాదం తుడిచి, మళ్లీ గిన్నె పెట్టాడు. మళ్లీ కారింది. అతనికి భయమేసింది.

గురువారం మధ్యాహ్నం అందరూ టెంటు నీడలో కునుకు తీస్తుంటే, ఇందు ఒక్కతే గుంత దగ్గర కూర్చుని కొలతలు రాసుకుంటోంది. ఆశీర్వాదం వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక మాట చెప్తానమ్మా. సారుకు చెప్పేది లేనిది నీ ఇష్టం. ఆ కాళ్లు బతికుండంగ విరగ్గొట్టినవి కాదు. సచ్చినాక."

ఇందు పెన్ను ఆపింది. "అది ఎముక చెప్పదు బాబాయ్. పచ్చిగా ఉన్నప్పుడు విరిగిందని తెలుస్తుంది, అంతే. చావుకి గంట ముందు విరిగినా, గంట తర్వాత విరిగినా ఒకేలా ఉంటుంది."

"ఎముక చెప్పకపాయినా నేను చెప్తున్నా కదా."

"మీకెలా తెలుసు?"

పన్నెండేళ్లు లోపల పెట్టుకున్న మాట, బయటికొచ్చేటప్పుడు చాలా మామూలుగా వచ్చింది. "నేను విరగ్గొట్టినా గనక. మా అమ్మయి."

ఇందు పుస్తకం ఒళ్లోకి దించింది.

"ఈ రాతి పెట్టె కొలత ఎంతమ్మా?"

"ఆరడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు."

"మా పెట్టె కూడా అంతే. పెట్టె ముందే చేసిపెడతారు, మనిషి తర్వాత వస్తాడు. ఈ బండలు ఎక్కడి నుంచి మోసుకొచ్చినారో. నిలబెట్టి కట్టినాక ఇంక వెడల్పు చేయలేరు. మనిషి చూస్తే ముడుచుకోని ఉంది. ఏం చేస్తారు?"

తర్వాత అతను ఆయమ్మ చివరి రోజులు చెప్పాడు. ఆమె పడుకుని నిద్రపోలేదు, గోడకో బండకో చేరగిలి కూర్చునే నిద్రపోయింది. నడక లేదు, నేల మీద దేక్కుంటా పోయేది. దానికి ఇందు, "కూర్చునే చోట ఎముక నున్నగా అరిగింది బాబాయ్, ఎందుకో అర్థం కాలేదు. మడమ ఎముకలు బెండులా గుల్లబారి ఉన్నాయి" అంది. అవును మరి, మడమ మీద బరువు పెడితే కదా అన్నాడు ఆశీర్వాదం. ఒకరు చంకల కింద చేతులు పెట్టి ఎత్తేవాళ్లు, దినానికి నాలుగైదు సార్లు, లేకపోతే పుండ్లు పడతాయి. చివరి వారంలో మింగుడు పడక పక్కల నుంచి కారిపోయేది. ఆ వారంలో మాటలు తగ్గి, చూపు మనిషి మీదనే నిలిపేది.

"గడ్డం దగ్గర దొరికిన ఆ మట్టి గిన్నె, ముక్కుంది చూడు" అన్నాడు.

"పూజ పాత్ర అని సార్ రాశారు."

"పూజా లేదు, ఏమీ లేదు. ఉగ్గుగిన్నె అది. మా ఇంట్లో ఒకటుంది."

ఇందు పుస్తకంలో నుంచి తలెత్తలేదు. ఆమె రాస్తూనే ఉందని ఆశీర్వాదం అనుకున్నాడు గాని, కాగితం మీద చుక్కలు పడి సిరా అలుక్కుపోవడం చూసి మాటలాపాడు.

"ఇంట్లో ఎవరు బాబాయ్?" అడిగింది.

"నా పెళ్లాం."

"రేపు నేను సార్‌తో మాట్లాడతాను. కానీ రేపే ఎత్తాలి ఈమెను, కింద మట్టి దిమ్మెతో సహా, ప్లాస్టర్ కట్టి. ఆ మోకాళ్ల అతుకు ఇసుమంత కదిలినా మీరు చెప్పింది నేను రుజువు చెయ్యలేను. మీ చెయ్యి ఉండాలి బాబాయ్. మిగతావాళ్ల మీద నాకు నమ్మకం లేదు."

సరే అన్నాడు.

పల్లెకు తిరిగొస్తూ నిత్యానందం కొట్టం దగ్గర ఆగాడు. నిత్యానందం సంఘపెద్ద, వడ్రంగం కూడా అతనిదే. చర్చి వెనక కొట్టంలో ఎప్పుడూ రెండు పెట్టెలు సిద్ధంగా ఉంటాయి, తెల్ల రంగు వేసి, మూత మీద నల్ల సిలువ గీసి. రెండూ ఒకటే కొలత. సమాధుల తోటలో కూడా రాళ్లు పాతి అదే కొలతకు గళ్లు గీశారు, జాగా చాలడం లేదని.

"నిత్యానందం, మూడున్నర అడుగుల వెడల్పు పెట్టె చేయాలంటే అయితదా?"

నిత్యానందం బాడిశ ఆపాడు. "కాకేంది అన్నా? ఎవరికి?"

బతికున్న మనిషికి పెట్టె కొలత చెప్పకూడదు. చెప్తే ఆ మనిషిని తొందరపెట్టినట్టే. ఆశీర్వాదం నాయన నూరుసార్లు చెప్పిన మాట, పల్లెంతా నమ్మే మాట. హన్నా రెండు రోజులుగా గంజి మింగడం లేదు. ఇప్పుడు నోరు తెరిచి ఆమె పేరు చెప్తే, ఆమెను తన చేత్తో తోసినట్టుంటుంది అనిపించింది.

"ఎవరికీ కాదులే. మిట్ట మీద రాతి పెట్టెలు చూసి ఊరికే అడిగినా."

"నీకూ రాకాసులు పట్టినాయన్నా" అని నవ్వి నిత్యానందం చెక్కడంలో పడ్డాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక పక్కకు పిలిచి చెబుదాం, ఇద్దరమే ఉంటాం, మాట బయటికి పోదు అనుకున్నాడు ఆశీర్వాదం. ఊరికి కొత్తదైన ఆడపిల్లకు అంతా చెప్పినవాడు, పుట్టినప్పటి నుంచి ఎరిగిన నిత్యానందానికి ఒక్క ముక్క చెప్పలేకపోయాడు.

శుక్రవారం పొద్దున పనికి పోవాలనిపించలేదు. హన్నా చేతులు చల్లగా ఉన్నాయి. "ఈ పూటకు మానేస్తాలే" అన్నాడు.

"పో" అంది హన్నా. గొంతు దగ్గరికి చెవి పెడితే గాని వినపడలేదు. "ఆయమ్మ కాళ్లు జాగర్త."

వెళ్లాడు.

ఎముకల మీద మెత్తటి కాగితం తడిపి కప్పారు. గుడ్డ పీలికలు ప్లాస్టర్ నీళ్లలో ముంచి, అడ్డంగా నిలువుగా పరిచారు. అది ఎండేదాకా ఆగి, కింద మట్టిని సన్న తీగతో కోస్తూ, వెంబడే చెక్క లోపలికి దూర్చారు. మోకాళ్ల కింద చెక్క పోవడానికి దారి లేదు, పక్కన బండ అడ్డమొచ్చింది. ఆశీర్వాదం రెండు అరచేతులూ ఆ మట్టి కిందికి పోనిచ్చి పట్టాడు. చిన్న రాయి ఒకటి చేతి వెనక చర్మాన్ని చీలుస్తోంది. కదల్లేదు. చెక్క తిప్పి అటు వైపు నుంచి తెచ్చేదాకా, అరగంట పైన, ఆ రెండు మోకాళ్ల బరువు అతని చేతుల మీదనే ఉంది. ఆరుగురు కలిసి లేపారు. బయట నీడలో దించాక ఇందు వంగి చూసింది. వెంట్రుక మందం కూడా జరగలేదు.

"శభాష్" అన్నాడు ధనుంజయ. "ఇందు అంతా చెప్పింది, ఆశీర్వాదం. నేను తొందరపడ్డాను."

అంత పెద్ద మనిషి ఆ మాటనడం ఆశీర్వాదానికి సిగ్గనిపించింది, సంతోషమూ అనిపించింది. పోయి హన్నాకు చెప్పాలి అనుకున్నాడు. అప్పుడు మూడు గంటలైంది. నిత్యానందం అల్లుడు హరిబాబు బండి మిట్ట కింద ఆపి, పైకి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"మామా, ఇంటికి పోదాం రా."

ఆశీర్వాదం ఎందుకని అడగలేదు. బండి వెనక కూర్చుని, చేతులకు అంటిన ప్లాస్టర్ గోటితో గీక్కుంటూ, ఏడుపు రాకుండా పని గురించి ఆలోచించాడు. తోటలో ఉత్తరం గోడ పక్కన, అమ్మకు అవతల కొంచెం జాగా ఉంది. గళ్లతో పని లేదు. నాలుగడుగుల వెడల్పు తీయాలి. మొగుడు గుంత తవ్వకూడదంటారు, అననీ, తానే తవ్వుతాడు. అడుగున గడ్డి పరిచి, గోడకు చేరగిలినట్టే పక్కకు ఒత్తిగిల్లబెట్టాలి. పెట్టె లేకుంటే అయ్యగారు గొణుగుతాడు. గొణగనీ. దోవంతా అట్లా మట్టి తీస్తూనే వచ్చాడు.

వాకిట్లో జనం లేచి దారిచ్చారు. నట్టింట్లో రెండు స్టూళ్ల మీద తెల్ల పెట్టె. అందులో పడుకున్నది ఎవరో అతను ముందు పోల్చుకోలేదు. అంత పొడుగు మనిషి వాళ్లింట్లో ఎవరూ లేరు. పెళ్లినాటి నీలం చీర పాదాల దాకా సాపుగా పరిచి ఉంది. చేతులు రొమ్ము మీద ఉన్నాయి. పెట్టెకు ఇటు తలా అటు పాదాలూ సరిగ్గా సరిపోయాయి.

నిత్యానందం భుజం మీద చెయ్యి వేసి గోడ పక్కకు తీసుకుపోయాడు. అతని కళ్లూ ఎర్రగానే ఉన్నాయి.

"పదకొండింటికి ప్రభువు పిలుచుకున్నాడన్నా. గోవిందమ్మ వదిన పక్కనే ఉంది, బాధేమీ పడలేదు. అప్పుడే కబురు పెడితే నువ్వు పరిగెత్తుకోనొచ్చి నీ చేతుల మీద చేయాల. మీ అమ్మకు చేసినాక నువ్వు మూడు నెలలు అన్నం సరిగ్గా తినింది లేదు, నేను చూసినా కదా. ఊరందరికీ చేసినోడివి, నీకు మేం ఆ మాత్రం చేయలేమా అని... అంతా అయినాకనే హరిబాబును పంపించినా." గొంతు తగ్గించాడు. "కింద గోనె పెట్టినామన్నా, నువ్వు పెట్టినట్టే. పైన దుప్పటేసినాం. నొప్పి తెలీకుండా చేసినాం."

ఆశీర్వాదం అతని మొహంలోకి చూశాడు. ఆ పల్లెలో అంతకంటే దయగా అతనికి ఎవరూ ఏమీ చేసి ఉండరు.

"చప్పుడొచ్చిందా?" అని అడిగాడు.

నిత్యానందం తల దించుకున్నాడు.

బేస్తవారిపేట నుంచి భారతి వచ్చి, అమ్మ కాళ్ల దగ్గర పడి ఏడ్చింది. "అమ్మ ఎంత ఎత్తుందో చూడు నాయనా" అంది. ఆశీర్వాదం చూశాడు. పాదాల దగ్గర నలిగిన చీర అంచు సవరించాడు.

శనివారం పొద్దున, మూత వేసే ముందు, అతను పొయ్యి దగ్గర నుంచి ఉగ్గుగిన్నె తెచ్చి, కడిగి, హన్నా గడ్డం పక్కన పెట్టాడు.

"మనలో ఏమీ పెట్టకూడదన్నా" అన్నాడు నిత్యానందం మెల్లగా.

"ఉండనీ."

అయ్యగారు ఇటు తిరగకముందే నిత్యానందం చీర చెంగు లాగి గిన్నెను కప్పేశాడు. తోటలో గుంత ఎవరో తవ్వారు, గీసిన గడిలోనే, ఆరడుగులు, రెండున్నర. అంచులు చక్కగా వచ్చాయి.

మంగళవారం అతను మిట్ట మీదికి వచ్చేసరికి అందరూ లేచి నిలబడ్డారు. ధనుంజయ చేతులు పట్టుకుని, ఇంకా నాలుగు రోజులు ఇంట్లో ఉండాల్సింది అన్నాడు. ఇంట్లో ఉండి ఏం చేయాలో ఆయనకు తెలియదు, ఆశీర్వాదానికీ తెలియదు. సాయంత్రాలు చెయ్యి దానంతటదే రాగిపిండి డబ్బా మీదికి పోతోంది.

ఇందు అతన్ని టెంటులోకి పిలిచి కుర్చీ వేసింది. ఎప్పుడూ కుర్చీ వేయలేదు.

"సార్ బలి అనే మాట తీసేశారు బాబాయ్. పేపరుకి కూడా రాసి పంపారు. ఇది మీరు వినాలి, మీరు సరే అంటేనే పైకి పంపుతాను" అని కాగితం తీసి చదివింది. "ఈ స్త్రీ మరణానికి ముందు కనీసం పదేళ్లు నడవలేదు. నేల మీద దేకుతూ, కూర్చునే నిద్రపోతూ గడిపింది. అన్నేళ్లూ ఒకరెవరో ఆమెను ఎత్తి, కడిగి, ఈ ముక్కు గిన్నెతో గంజి పోసి బతికించారు. చివరికి, పెట్టెలో పట్టించడం కోసం, సాకిన ఆ చేతులే ఆమె మోకాళ్లను విరిచాయి. తర్వాత ఆ చేతులే గిన్నెను ఆమె పక్కన ఉంచాయి."

చదివి తలెత్తింది. ఆమెకు ఆ రాత గర్వంగా ఉంది, ఉండాల్సిందే.

ఆశీర్వాదం చేతి వెనక ఎండిన గాటు మీద పొక్కు గిల్లుతున్నాడు. "అంతా నిజమేనమ్మా. ఒక్కటి తప్పుంది."

"ఏంటది?"

"సాకిన చేతులు వేరే, విరిచిన చేతులు వేరే. విరిచినోళ్లు కూడా మంచోళ్లే, అది మార్చొద్దు. గిన్నె పెట్టినోడు వచ్చేసరికే కాళ్లు సాపు చేసి పెట్టినారు."

"అది ఎలా చెప్పగలం బాబాయ్? ఎముకలో ఏమీ తెలీదు కదా."

"తెలీదు."

"మరి అతను అప్పుడు ఎక్కడికి వెళ్లాడు?" ఇందు పెన్ను తీసి, రాసుకోవడానికే అడిగింది.

"పనికి పోయినాడు" అన్నాడు ఆశీర్వాదం.

ఇందు పెన్ను కాగితం దాకా వెళ్లి ఆగింది. అతని మొహంలోకి చూసింది. చూస్తున్న కొద్దీ ఆమె మొహంలో రంగు పోయింది.

అతను కుర్చీలోంచి లేచి, టెంటు మూల ఉన్న జల్లెడ భుజాన వేసుకుని, కొత్తగా తీస్తున్న గుంత వైపు నడిచాడు.